దుంగల లెక్క

మంచు విరిగిన వారానికి
నది మీద అడవి నడిచి వచ్చేది.
మా నాన్న తౌనో
వంతెన కింద పలక మీద నిలబడి
దుంగల్ని లెక్కపెట్టేవాడు.

బరువు కాదు, లావు కాదు.
కోసిన కొసన కంపెనీ సుత్తి దించిన ముద్ర.
దుంగకొకటి. రెండుండవు.
"సగం నీళ్ళలోనే ఉంటుంది హెల్మీ,
ఎంత లావో నీకేం తెలుస్తుంది?
ముద్రలు లెక్కపెట్టు చాలు."

నలభై మూడో ఏట
అదే పలక మీద కాసేపు కూర్చుంటానన్నాడు.
లేవలేదు.
ఆ ఏడు మా వీధిలో అది నాలుగో శవపేటిక.
ఉత్తర కరేలియాలో మగాళ్ళు అలాగే పోయేవాళ్ళు,
రంపం చెట్టులోనే వదిలేసి,
పడవ తాడు సగం ముడేసి.
అమ్మ పనిభారం అంది.
పాస్టరు పిలుపు అన్నాడు.
బల్ల మీద వెన్నముద్ద ఏమీ అనలేదు.

నేనిప్పుడు ల్యాబులో రక్తం తిప్పుతాను.
ఎరుపు అడుక్కి దిగి
పైన లేత పసుపు నీరు తేరుకుంటుంది.
చూడ్డానికి ఏమీ లేదు అందులో.
అందులోనే ఉంది అడవంతా.

కొవ్వు నీళ్ళలో కలవదు,
సూపు మీద చుక్కల్ని చూడండి.
అందుకే కాలేయం దాన్ని మూటగట్టి
చుట్టూ ఒక ప్రొటీను దట్టీ బిగించి
ప్రవాహంలోకి వదులుతుంది.
మూటకొకటి. రెండుండవు.
మొదటిసారి ఆ సంగతి చదివినరోజు
పుస్తకం మూసి
కిటికీ దగ్గరకెళ్ళి నిలబడ్డాను.

తమ్ముడు రైమో కాగితం ఊపుతూ వచ్చాడు.
"కొలెస్ట్రాల్ మామూలే. ఇక్కడ రాశారు."
మామూలేరా, సరుకు మామూలే.
మూటలే ఎక్కువ.
అదే కలపని సన్నటి దుంగలుగా వదిలితే
వంపు దగ్గర ఏమయ్యేదో గుర్తుందా?
"నాకప్పుడు నాలుగేళ్ళు" అన్నాడు.

సరే, విను.
నది చీలే చోట, లంక ముక్కు దగ్గర,
నీళ్ళు కాస్త తడబడతాయి.
అక్కడ ఒక్కోటీ ఒడ్డులోకి దూరుతుంది.
పెద్దదా చిన్నదా అని ఒడ్డు అడగదు.
ఎన్నిసార్లు తలుపు తడితే
అన్నిసార్లు తెరుచుకునే అవకాశం.
దూరింది అక్కడే మగ్గుతుంది.
శుభ్రం చేయడానికొచ్చిన కణాలు
తిని, తిని, నురగలా ఉబ్బి
అక్కడే చస్తాయి.
నొప్పుండదు. ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు.
తర్వాత ఒక ఉదయం ఒడ్డు తెగుతుంది.

"మంచి కొలెస్ట్రాల్ బోలెడుంది కదా నాకు!"
గెడలు పట్టుకుని ఒడ్డున తిరిగేవాళ్ళు
ఎక్కువున్నంత మాత్రాన
దుంగలు చిక్కుకోవని ఎవరూ పూచీపడలేదు.
వాళ్ళ సంఖ్య పెంచే మందులు చేసి చూశారు కూడా.
గుండెపోట్లు తగ్గలేదు.

"నేను నాన్నలా లావు కాదు."
నాన్న లావు కాదు రైమో.
ఫోటోలో చొక్కా ఆయనకి రెండింతలుంటుంది.

కాఫీ చల్లారింది.
యాభై ఒకటి వాడికి,
నాన్నకంటే ఎనిమిదేళ్ళు పెద్ద.
స్కీయింగు చేస్తాడు, రై రొట్టె వట్టిదే తింటాడు,
చీలమండ వెనక నరం మాత్రం
చిన్నప్పటి నుంచీ తాడులా మందం.
అది బూటు ఒరుసుకునని అనుకున్నాం ఇన్నాళ్ళూ.

వంతెన దాకా నడిచాం.
దుంగలు ఇప్పుడు లారీల్లో పోతాయి.
ఖాళీ నీళ్ళు, ఒక బాతు.
చాలాసేపటికి అడిగాడు:
"నాన్నకి ఎన్నుండేవంటావ్?"

తెలీదు.
నదినంతా లెక్కపెట్టినవాడిని
ఎవరూ లెక్కపెట్టలేదు.

కాగితం నాలుగు మడతలు పెట్టి
చేతి తొడుగులోకి తోశాడు.
"ఆ మాత్ర పొద్దున వేసుకోవాలా, రాత్రా?"

నువ్వు మర్చిపోని వేళ ఏదో
అప్పుడు.